మా జిమ్మీకి ఏ పాట పెట్టమంటారు?

ఈ నెల కుక్కల గురించి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చప్పుళ్ల గురించే. వినాయక నిమజ్జనం అయిపోయింది, దీపావళి ముందుంది, మధ్యలో ఎవరింటి పెళ్లి ఊరేగింపో. దాంతో పాటు అందరూ అడిగిన ఇంకో మాట: పాటలు పెడితే కుక్క నెమ్మదిస్తుందా? నెమ్మదిస్తుంది, కొంతవరకు, కొన్ని షరతుల మీద. ఆ షరతుల గురించి ఎవరూ చెప్పకపోవడం వల్లే ఇంట్లో స్పీకర్ పాడుతూ ఉంటుంది, కుక్క మంచం కింద వణుకుతూ ఉంటుంది. ఒక్కో ఉత్తరం చూద్దాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్లిపోతే మా లాబ్రడార్ జిమ్మీ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటాడు. తోడుగా ఉంటుందని టీవీలో న్యూస్ చానల్ పెట్టి వెళ్తాం. అయినా మొరుగుతూనే ఉన్నాడని పక్క ఫ్లాట్ వాళ్లు రోజూ కంప్లైంట్. ఏ సంగీతం పెడితే మంచిది? పాత తెలుగు పాటలా, కర్ణాటక సంగీతమా? (ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: ముందు ఆ న్యూస్ చానల్ కట్టేయండమ్మా. నలుగురు ఒకేసారి అరుచుకునే చర్చ, మధ్యలో బ్రేకింగ్ న్యూస్ అని ఢాం అనే మ్యూజిక్... మనుషులకే తలనొప్పి, తలుపు మూసిన గదిలో కుక్కకి అది తోడెలా అవుతుంది?

ఇక ఏ సంగీతం అన్నది. దీని మీద నిజంగానే పరిశోధనలు జరిగాయి. ఉత్తర ఐర్లాండ్‌లో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీకి చెందిన డెబొరా వెల్స్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం చాలామంది చెప్పేది. దిక్కులేని కుక్కలను ఉంచే కేంద్రంలో 50 కుక్కలకి ఒకసారి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, ఒకసారి హెవీ మెటల్ (గిటార్లు, డ్రమ్ములతో చెవులదిరే రాక్ సంగీతం), ఒకసారి పాప్ పాటలు, ఒకసారి మనుషుల మాటలు వినిపించారు, ఒకసారి ఏమీ పెట్టకుండా ఊరుకున్నారు. శాస్త్రీయ సంగీతం పెట్టినప్పుడు ఎక్కువసేపు పడుకున్నాయి, గోల తగ్గింది. హెవీ మెటల్‌కి మొరగడం పెరిగింది. పాప్‌కీ, మాటలకీ పెద్ద తేడా లేదు, ఏమీ పెట్టనట్టే ఉన్నాయి. పదేళ్ల తర్వాత, 2012లో, అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 117 కుక్కల మీద చూస్తే దాదాపు అదే వచ్చింది: శాస్త్రీయ సంగీతానికి నిద్ర ఎక్కువ, హెవీ మెటల్‌కి ఒళ్లు వణకడం ఎక్కువ.

ఇక్కడితో ఆపి "అయితే మొజార్ట్ పెట్టేస్తే సరి" అనేవాళ్లే ఎక్కువ. అసలు సంగతి ఆ తర్వాత స్కాట్లాండ్‌లో బయటపడింది. గ్లాస్గో యూనివర్సిటీ, అక్కడి జంతు సంరక్షణ సంస్థ స్కాటిష్ ఎస్‌పీసీఏ కలిసి 2015లో ఒకటి, 2017లో ఒకటి, రెండు అధ్యయనాలు ప్రచురించాయి. మొదటిదాంట్లో శాస్త్రీయ సంగీతానికి కుక్కలు నిజంగానే నెమ్మదించాయి, కానీ రోజూ అదే పెడుతుంటే ఒకటి రెండు రోజులకే ఆ ప్రభావం తగ్గడం మొదలైంది. అలవాటు పడిపోయాయన్నమాట. అందుకని రెండోసారి ఐదు రకాలు తెచ్చారు: సాఫ్ట్ రాక్ (నెమ్మదైన రాక్ పాటలు), మోటౌన్ (అమెరికా నల్లజాతివారి పాత సోల్ పాటలు), పాప్, రెగె (జమైకా సంగీతం), శాస్త్రీయం, రోజుకొకటి. ఏ రకం పెట్టినా కుక్కలు నిలబడే సమయం తగ్గింది, పడుకునే సమయం పెరిగింది. గుండె ఒక చప్పుడుకీ ఇంకో చప్పుడుకీ మధ్య ఉండే సన్నటి తేడాల్ని బట్టి ఒళ్లు ఎంత సడలిందో లెక్కకడతారు, ఆ లెక్కలో సాఫ్ట్ రాక్, రెగె ముందున్నాయి.

ఆ 2017 అధ్యయనంలోనే మీకు సరిగ్గా పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. సంగీతం మొరగడాన్ని ఏమీ తగ్గించలేదు. పైగా సంగీతం ఆపిన వెంటనే కుక్కలు ఎక్కువ మొరిగాయి. కాబట్టి మీరు రెండు గంటల ప్లేలిస్ట్ పెట్టి వెళ్తే పదకొండుకి అది ఆగిపోతుంది, అప్పుడు మీ పక్క ఫ్లాట్ వాళ్ల ఫోను రావచ్చు. పెడితే మీరొచ్చేదాకా నడిచేది పెట్టండి, లేదా చివర్లో మెల్లగా తగ్గి ఆగిపోయేలా టైమర్ పెట్టండి.

కర్ణాటక సంగీతం, పాత పాటలు పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు. చూసుకోవాల్సింది రాగమూ భాషా కాదు. నెమ్మదిగా నడుస్తోందా, వాయిద్యాలు తక్కువగా ఉన్నాయా, ఉన్నట్టుండి పెద్ద చప్పుడు ఏదైనా వస్తోందా, ఇవే. వీణ, వేణువు, వయొలిన్ ఒంటరిగా వాయించినవి బాగుంటాయి. పూర్తి కచేరీ రికార్డు మాత్రం వద్దు, అది ఆలాపన దగ్గర నెమ్మదిగా మొదలై తని ఆవర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం), ఆపై చప్పట్ల దగ్గర తేలుతుంది. ఎఫ్ఎం రేడియో కూడా వద్దు, పాట బాగానే ఉన్నా ప్రకటనలు అదిరిపోతాయి. నాలుగైదు రకాలు దగ్గర పెట్టుకుని రోజుకొకటి మార్చండి.

ఇంకోటి. మీరు తాళాలు తీసుకుని, చెప్పులేసుకుని, పాట ఆన్ చేసి వెళ్లిపోతే వారం తిరిగేసరికి ఆ పాట వినబడగానే జిమ్మీకి టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే పాట అంటే మీరు వెళ్లిపోవడం అని వాడికి అర్థమైపోతుంది. అందుకే మొదటి వారం పది రోజులు మీరు ఇంట్లో ఉన్నప్పుడే, రాత్రి భోజనాలయ్యాక వాడు మీ కాళ్ల దగ్గర పడుకుని ఉన్నప్పుడు పెట్టండి. పాటకీ నెమ్మదికీ ముడి పడ్డాక అప్పుడు ఉదయం పూట వాడండి, అదీ మీరు బయల్దేరడానికి అరగంట ముందు నుంచి.

చివరగా, కొంచెం కటువుగానే చెప్తున్నాను. ఒక లాబ్రడార్‌ని తొమ్మిది గంటలు ఒంటరిగా వదిలేస్తే ఏ సంగీతమూ ఆ లోటు తీర్చదు. పొద్దున పది నిమిషాలు కింద తిప్పి తీసుకురావడం కాదు, ముప్పావు గంట నడిపించండి. మధ్యాహ్నం ఎవరైనా వచ్చి ఓసారి కిందికి తీసుకెళ్లే ఏర్పాటు చూడండి. తలుపు గీకడం, చొంగ కార్చడం, మీరు వెళ్లిన పది నిమిషాల్లోనే ఇల్లంతా ఆగం చేయడం ఉంటే అది ఒంటరితనపు భయం, దానికి వైద్యం వేరే ఉంది. ఒక పాత ఫోను మూలన పెట్టి వీడియో తీయండి, మీరు వెళ్లాక వాడేం చేస్తున్నాడో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఆ వీడియో మీ పశువైద్యుడికి చూపించండి.

ప్రశ్న: సౌండ్ ఎంత పెట్టాలి? మా స్పీకర్‌లో 1 నుంచి 30 దాకా అంకెలున్నాయి. (నెల్లూరు)

జవాబు: అంకె చెప్పలేను, ఒక్కో స్పీకర్ ఒక్కోలా ఉంటుంది. ఆ గదిలో మీరూ ఇంకొకరూ గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగితే సరిపోయింది, అంతకంటే కాస్త తగ్గించినా మంచిదే. మనిషి చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది, కుక్క చెవి దాదాపు 45,000 హెర్ట్జ్ దాకా. అంటే నాసిరకం స్పీకర్లోంచీ చార్జర్లోంచీ వచ్చే సన్నటి కీచు శబ్దాలు మనకి వినబడవు, దానికి వినబడొచ్చు. స్పీకర్ దాని పడక పక్కన కాకుండా గదిలో ఇంకో మూల పెట్టండి. నచ్చకపోతే లేచి పోవడానికి తలుపు తీసి ఉండాలి.

ప్రశ్న: మా కుక్కపేరు చిన్ని, వీధిలో దొరికితే పెంచుకున్నాం. నిమజ్జనం రోజు మా గల్లీలో డీజే బాక్సులు పెట్టినప్పటి నుంచి తిండి మానేసింది, రెండు రోజులు మంచం కింద నుంచి బయటికి రాలేదు. ఇప్పుడు దీపావళి వస్తోంది. పటాకుల చప్పుడు వినబడకుండా ఇంట్లో పెద్దగా పాటలు పెట్టాలని అనుకుంటున్నాం, మంచిదేనా? భయపడ్డప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం ఇంకా పెరుగుతుందని మా బావ అంటున్నాడు, నిజమేనా? (హన్మకొండ)

జవాబు: రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. మీ బావగారి మాట పట్టించుకోకండి. భయం అనేది కావాలని చేసే పని కాదు కాబట్టి ఓదారిస్తే అది బహుమతి అందుకుని మళ్లీ మళ్లీ భయపడదు. చిన్ని మీ ఒళ్లోకి వస్తే ఒళ్లో పెట్టుకోండి, నెమ్మదిగా నిమరండి. రాకపోతే మంచం కిందే ఉండనివ్వండి, అక్కణ్ణుంచి లాగకండి. తిట్టడం, కట్టేయడం, "అలవాటు కావాలి" అని వాకిట్లో నిలబెట్టడం, ఈ మూడూ చేయకూడదు.

పెద్దగా పాటలు పెట్టే సంగతి. లక్ష్మీబాంబుని మించిన సౌండ్ మీరు ఇంట్లో పెట్టలేరు, పెడితే దానికి రెండు వైపుల నుంచీ దెబ్బ. సంగీతం బాంబుని మింగేయదు, కాకపోతే నిశ్శబ్దంలో పేలిన బాంబుకి ఉలిక్కిపడినంతగా, అప్పటికే ఏదో ఒక శబ్దం సాగుతున్న గదిలో పేలినదానికి ఉలిక్కిపడకపోవచ్చు. దీనికి సంగీతం కంటే కూలర్, సీలింగ్ ఫ్యాన్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ చప్పుడు బాగా పనిచేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే అది ఎక్కడా తెగదు. రెండూ కలిపి పెట్టండి.

గది ఎంచుకోవడం మరీ ముఖ్యం. వీధి వైపు కిటికీ లేని గది, దొరక్కపోతే ఇంటి మధ్యలో ఉండే నడవా, స్టోర్ రూమ్ ఏదైనా. కిటికీలకి దుప్పట్లు కట్టండి, మెరుపులు కనబడకూడదు. నేల మీద మందపాటి బొంత వేయండి, డీజే బాక్సుల దెబ్బ చెవికంటే ముందు నేలలోంచి, గోడల్లోంచి వస్తుంది, ఆ అదురుని ఏ పాటా కప్పలేదు. దీపావళి నాడు మొదటిసారి ఆ గదిలోకి తోసి తలుపేయకండి, ఇప్పటినుంచే రోజూ కాసేపు అక్కడే అన్నం పెట్టండి, అక్కడే పాట పెట్టండి. పండగ రోజు మధ్యాహ్నం బాగా నడిపించి, చీకటి పడకముందే తిండి, ఒంటికి రెంటికి అన్నీ కానిచ్చేయండి. దీపావళికి రాత్రి 8 నుంచి 10 మధ్యే టపాకాయలు కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది గానీ మన వీధుల్లో ఆ లెక్క ఎంతవరకు నడుస్తుందో మీకు తెలుసు, కాబట్టి ఆరింటికల్లా సిద్ధంగా ఉండండి.

అసలు పనిచేసేది ఇప్పుడు చెప్తాను. ప్రతి పేలుడు వెంటనే ఒక ముక్క. ఉడికించిన చికెన్, పనీర్, ఏదైతే అది ప్రాణం పెడుతుందో అది. ఢాం, ముక్క. ఢాం, ముక్క. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ యూనివర్సిటీలో స్టెఫనీ రీమర్ టపాకాయల భయం మీద కుక్కల యజమానుల్ని అడిగి 2020లో ప్రచురించిన సర్వేలో, పేలుడు వినబడగానే తిండి పెట్టడమో ఆడించడమో చేసినవాళ్లలో 70 శాతానికి పైగా అది పనిచేసిందన్నారు. ఒళ్లు సడలించుకోవడం నేర్పినవాళ్లలోనూ దాదాపు అంతమంది పనిచేసిందనే చెప్పారు. ఈ రెండోది నేర్పడానికి సంగీతం పనికొస్తుంది: రోజూ ఒకే చాప, నెమ్మదైన పాట, పక్కన మీరు, ఒళ్లు నిమరడం. కొన్ని వారాలకి ఆ చాప పరిస్తేనే పడుకుంటుంది. మూలికల చుక్కలు, హోమియో మాత్రల లాంటివి వాడినవాళ్లలో పనిచేసిందన్నవాళ్లు మూడో వంతుకి అటూఇటూ మాత్రమే, కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకుని పండగ దాకా ఊరుకోకండి.

చిన్ని మాత్రం రెండు రోజులు తిండి మానేసిందంటున్నారు కదా, అది మామూలు బెదురు కాదు. ఇంకా టైముంది, ఈ వారమే పశువైద్యుణ్ణి కలవండి. భయాన్ని తగ్గించే మందులున్నాయి, కొన్ని పండగ రోజు మాత్రమే వేసేవి, కొన్ని వారాల ముందు మొదలుపెట్టాల్సినవి. మనుషుల నిద్రమాత్రలు మీ అంతట మీరు అస్సలు వేయకూడదు. "మత్తు మాత్ర" అని అసిప్రొమజీన్ ఒక్కటే రాస్తే దాని గురించి డాక్టర్ని గట్టిగా అడగండి, అది ఒంటిని కదలనివ్వదు గానీ భయాన్ని తీసేయదు, కుక్క లోపల వణుకుతూనే పైకి పడుకున్నట్టు కనిపిస్తుంది.

మెడకి బెల్టూ, దాని మీద మీ ఫోన్ నంబరూ ఉండేలా చూడండి. పండగ రాత్రి భయంతో పారిపోయిన కుక్కలు చాలా దూరం పోతాయి.

ప్రశ్న: పూజలో మా అత్తగారు శంఖం ఊదగానే మా పొమరేనియన్ తల పైకెత్తి ఊళ వేస్తుంది. మనవరాలు హార్మోనియం ముట్టుకున్నా అంతే. కుక్క ఏడవడం ఇంటికి అరిష్టమని మావయ్యగారు దాన్ని ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. దానికి చెవులు నొప్పి పెడుతున్నాయా? (రాజమహేంద్రవరం)

జవాబు: మావయ్యగారికి నా నమస్కారాలు చెప్పి, అది ఏడవడం లేదని చెప్పండి. గొంతు కలుపుతోంది. తోడేళ్లు దూరాన ఉన్న తమవాళ్లని పిలవడానికి, గుంపంతా ఒక్కచోట ఉన్నామని చాటడానికి ఊళ వేస్తాయి. ఆ అలవాటు కుక్కల్లో ఇంకా మిగిలే ఉంది. శంఖం, హార్మోనియం, అంబులెన్స్ సైరన్, నాదస్వరం... వీటన్నిటిలో ఉన్నది ఒకటే, తెగకుండా సాగే స్వరం. డప్పు కొడితే ఊళ వేసే కుక్క అరుదు, గమనించండి.

చెవి నొప్పా కాదా అన్నది ఒంటిని చూసి తెలుసుకోవచ్చు. శంఖం మొదలవగానే పూజగది వైపు వస్తోందా, తోక మామూలుగా ఉందా, ఊదడం ఆగగానే తన పని తాను చూసుకుంటోందా? అయితే బెంగ లేదు, రోజుకొక ముప్పై సెకన్ల కచేరీ, విని ఆనందించండి. అలా కాకుండా చెవులు వెనక్కి వాల్చి, పంజాతో చెవి గీరుకుంటూ, వేరే గదిలోకి పారిపోతుంటే చెవి చూపించండి. శంఖం ఊదే ఆ అర నిమిషం దాన్ని వెనక వాకిట్లో ఉంచండి. రెండు సందర్భాల్లోనూ ఎవరికీ ఇచ్చేయాల్సిన పని లేదు.

ప్రశ్న: సార్, నేను ఇంటర్ చదువుతున్నాను. నేను బాక్స్‌లో మాస్ బీట్లు పెట్టినప్పుడు మా బ్రూనో కూడా ఎగురుతాడు, గుండ్రంగా తిరుగుతాడు, ఒళ్లు దులుపుకుంటాడు, నోరు తెరిచి నవ్వుతాడు. వాడికి కూడా ఇష్టమే కదా? (అనంతపురం)

జవాబు: నాయనా, నేను సార్ కాదు, మేడమ్‌ని. ఎగరడం నీ వల్ల, పాట వల్ల కాదు. నువ్వు ఎగురుతున్నావు కాబట్టి వాడూ ఎగురుతున్నాడు. ఒకసారి పాట పెట్టి నువ్వు కదలకుండా కూర్చుని చూడు. బ్రూనో కూడా వచ్చి నీ పక్కన పడుకుంటే మంచిదే. అలా కాక రొప్పుతూ అటూ ఇటూ తిరుగుతుంటే, నిద్ర రాకుండానే ఆవలిస్తుంటే, ముందు తిండి లేకుండానే పెదాలు నాకుతుంటే, కళ్లలో తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంటే అది టెన్షన్. నోరు తెరిస్తే నవ్వినట్టే ఉంటుంది మనకి, చల్లటి గదిలో పరుగేమీ లేకుండా రొప్పే కుక్క నవ్వడం లేదు. ఒళ్లు దులుపుకోవడం కూడా తడిసినప్పుడు కాకపోతే చాలాసార్లు బిగుసుకున్న ఒంటిని విదిలించుకోవడమే.

పాటలు మానేయమనట్లేదు. బాక్స్ ఉన్న గది తలుపు తీసి ఉంచు, వాడికి కావాలంటే ఉంటాడు, లేదంటే పోతాడు. నీకూ చెవులున్నాయి, సౌండ్ కాస్త తగ్గించు.

ప్రశ్న: యూట్యూబ్‌లో "కుక్కల కోసం ప్రత్యేక సంగీతం" అని పది గంటల వీడియోలు ఉన్నాయి, డబ్బు కట్టే యాప్‌లు కూడా ఉన్నాయి. మేం డాలస్‌లో ఉంటాం, జులై నాలుగు (ఇక్కడి స్వాతంత్ర్య దినం) టపాకాయలకీ, న్యూ ఇయర్ టపాకాయలకీ మా కుక్క అల్లాడిపోతుంది. కొనమంటారా? (డాలస్, టెక్సాస్)

జవాబు: డబ్బు పెట్టి కొనక్కర్లేదండీ. పైన చెప్పిన కొలరాడో అధ్యయనంలో కుక్కల కోసమే ప్రత్యేకంగా తయారు చేసిన సంగీతాన్నీ మామూలు శాస్త్రీయ సంగీతాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. ప్రత్యేక సంగీతానికి చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు, మామూలు శాస్త్రీయ సంగీతమే మెరుగ్గా పనిచేసింది. ఉచిత వీడియోలు వాడుకోండి, మధ్యలో ప్రకటనలు రాకుండా మాత్రం చూసుకోండి, ఎనిమిది నిమిషాలకోసారి కారు ఇన్సూరెన్స్ వాడు అరిస్తే పెట్టిన లాభం పోతుంది. బాణసంచా రోజు సంగతి హన్మకొండ వారికి చెప్పిందే మీకూ. అమెరికాలో మీకున్న సౌకర్యం ఏమిటంటే శబ్ద భయానికి కుక్కల కోసమే ఆమోదం పొందిన డెక్స్‌మెడెటొమిడిన్ జెల్ దొరుకుతుంది, చెంపకీ చిగురుకీ మధ్య రాస్తారు, మింగించకూడదు. ప్రిస్క్రిప్షన్ కావాలి, కాబట్టి జూన్‌లోనే వెట్‌ని కలవండి. జులై మూడున అపాయింట్‌మెంట్ దొరకదు.

ప్రశ్న: మా రాణికి పదకొండేళ్లు. ఇన్నేళ్లూ కుక్కర్ విజిల్‌కి చెవి కూడా కదిలించని కుక్క, ఈ మధ్య విజిల్ వేస్తే వణుకుతోంది, మిక్సీ ఆన్ చేస్తే బాత్‌రూమ్‌లో దూరుతోంది. వంటింట్లో పాటలు పెడితే తగ్గుతుందా? (ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, విజయనగరం)

జవాబు: మాస్టారూ, ఈ ఉత్తరానికి పాట జవాబు కాదు. ఇన్నేళ్లు లేని భయం ముసలితనంలో కొత్తగా వచ్చిందంటే ముందు నొప్పి ఏమైనా ఉందేమో చూడాలి. ఇంగ్లండ్‌లో లింకన్ యూనివర్సిటీ పరిశోధకులు, బ్రెజిల్ వాళ్లతో కలిసి 2018లో ప్రచురించిన పరిశీలనలో, చప్పుళ్లకి భయపడే కుక్కల్లో ఒంట్లో కీళ్ల, కండరాల నొప్పి ఉన్న వాటికి భయం పెద్ద వయసులో మొదలైందని తేలింది. చప్పుడుకి ఉలిక్కిపడితే ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకుంటే అప్పటికే నొప్పి పెడుతున్న కీలు కలుక్కుమంటుంది, ఆ నొప్పిని కుక్క ఆ చప్పుడుకి అంటగడుతుంది. ఆ పరిశీలనలో నొప్పికి వైద్యం చేశాక చాలా కుక్కల్లో చప్పుళ్ల భయం కూడా తగ్గింది.

రాణి మెట్లెక్కడానికి తటపటాయిస్తోందా, పొద్దున లేవగానే నడక బిగిసినట్టుంటోందా, సోఫా మీదికి దూకడం మానేసిందా చూడండి. చూసినవన్నీ కాగితం మీద రాసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. చూపు, వినికిడి కూడా పరీక్షించమనండి, సగం వినబడే చెవికి చప్పుడు ఏ వైపు నుంచి వచ్చిందో తెలియక బెదురు పెరుగుతుంది. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయకండి, మనం మామూలుగా మింగే బిళ్లలు కుక్కల కాలేయాన్నీ కిడ్నీల్నీ దెబ్బతీస్తాయి.

ఇంట్లో చప్పుళ్ల మాట వచ్చింది కాబట్టి అందరికీ ఒక సంగతి. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2021లో ఇళ్లలో మామూలుగా వినబడే శబ్దాలకి కుక్కలు ఎలా ఉంటాయో చూస్తే, కుక్క భయాన్ని యజమానులు తక్కువ అంచనా వేస్తున్నారని తేలింది. వాళ్లు చూసిన వీడియోల్లో వాక్యూమ్ క్లీనర్‌కి కుక్క బెదురుతుంటే ఇంట్లోవాళ్లు ముచ్చటగా నవ్వుకుంటున్నారు. ఎక్కువసేపు సాగే బొంగురు శబ్దం కంటే ఆగి ఆగి వచ్చే కీచు శబ్దాలు కుక్కల్ని ఎక్కువ బెదరగొడతాయట, బ్యాటరీ అయిపోయిన స్మోక్ అలారం (పొగ వస్తే మోగే పరికరం) కూత లాంటివి. మనిళ్లలో స్మోక్ అలారం లేకపోయినా ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోయినప్పుడు అది కూసే కూత మనం పట్టించుకోం. కుక్క అకారణంగా బెదురుతోంది అనుకునే ముందు ఇల్లంతా నిశ్శబ్దం చేసి ఒకసారి వినండి.

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం కలిసి గాయపడ్డ వీధికుక్కలకి చిన్న షెల్టర్ నడుపుతున్నాం. దాదాపు ముప్పై కుక్కలు. ఒకటి మొరిగితే అన్నీ మొరుగుతాయి, రాత్రి చుట్టుపక్కల వాళ్లు గొడవకొస్తున్నారు. స్పీకర్లు పెట్టాలనుకుంటున్నాం. సలహా చెప్పండి. (విశాఖపట్నం)

జవాబు: మీకు సంగీతం మిగతా అందరికంటే ఎక్కువ ఉపయోగపడొచ్చు, ఎందుకంటే పైన చెప్పిన పరిశోధనలు చాలావరకు ఇలా గుంపుగా బోనుల్లో ఉండే కుక్కల మీదే జరిగాయి. అయినా ముందు డబ్బు స్పీకర్ల మీద పెట్టకండి. రేకుల షెడ్డా మీది? రేకు, సిమెంటు గచ్చు, ఇనప గ్రిల్లు ఉన్నచోట ఒక్క మొరుగు పది మొరుగులై తిరిగొస్తుంది. పాత పరుపులు, గోనెసంచులు, గుడ్ల అట్టలు గోడలకీ పైకప్పుకీ కట్టండి, కుక్కలకి అందనంత ఎత్తులో. ఒకదానికొకటి ఎదురుగా కనబడకుండా బోనుల మధ్య సగం ఎత్తు దాకా అడ్డు పెట్టండి, మొరుగుడు చాలావరకు ఎదుటిదాన్ని చూసి మొదలయ్యేదే. ఆ తర్వాత సంగీతం.

రోజంతా పెట్టకండి. పొద్దున ఊడ్చి, అన్నం పెట్టాక రెండు గంటలు, మధ్యాహ్నం ఇంకో రెండు గంటలు, ఆపేటప్పుడు ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గించి. మిగతా సమయం నిశ్శబ్దం. లేచి పోవడానికి వీల్లేని బోనులో ఉన్న ప్రాణికి మంచి పాటైనా రోజంతా మోగితే హింసే. రాత్రి పది దాటాక స్పీకర్ అనే మాటే వద్దు, పక్కవాళ్లు ఇప్పటికే కోపంగా ఉన్నారు, పైగా అనుమతి లేకుండా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. రాత్రి గోలకి మందు సాయంత్రం నడక, ఆలస్యంగా పెట్టే రెండో పూట తిండి.

పాటలతో పాటు ఇంకొకటి చేసి చూడండి. ఇంగ్లండ్‌లో ఒక కుక్కల ఆశ్రమంలో 31 కుక్కలకి పుస్తకం చదివి రికార్డు చేసిన ఆడియో వినిపించారు, 2016లో ప్రచురించారు. అవి శాస్త్రీయ సంగీతం పెట్టినప్పటికంటే అది విన్నప్పుడే ఎక్కువ విశ్రాంతిగా ఉన్నాయి. బెల్‌ఫాస్ట్‌లో మనుషుల మాటలకి తేడా కనబడలేదు అన్నాను కదా, ఇక్కడ కనబడింది. అక్కడ వినిపించింది సంభాషణ, ఇక్కడ ఒకే గొంతు నింపాదిగా సాగే చదువు, బహుశా తేడా అక్కడుంది. మీకు రికార్డింగు కూడా అక్కర్లేదు. చదువుకునే పిల్లలెవరైనా సెలవు రోజు వచ్చి, బోను బయట స్టూలేసుకుని, కుక్క వైపు చూడకుండా, తమ పాఠాలు పైకి చదువుకుంటే చాలు. మనిషంటే బెదిరే కొత్త కుక్కలకి ఇది మరీ మంచిది, మనిషి గొంతు వినబడుతుంది, చెయ్యి మాత్రం మీద పడదు.

పెట్టిన మొదటి రోజు నుంచి ఒక నోటు పుస్తకంలో రాయండి: ఏ సమయంలో ఏం పెట్టారు, అప్పుడు ఎన్ని పడుకుని ఉన్నాయి, ఎన్ని నిలబడి ఉన్నాయి, ఆపాక ఏమైంది. రెండు వారాలు రాస్తే మీ ముప్పై కుక్కలకి ఏది పనికొస్తుందో మీకే తెలుస్తుంది, ఏ ఒకటి రెండు కుక్కలు పాట మొదలవగానే మూలకి పోతున్నాయో కూడా తెలుస్తుంది, వాటిని స్పీకర్‌కి దూరంగా ఉన్న బోనుల్లోకి మార్చండి. వైర్లు మాత్రం పైపులో వేసి పైకప్పు మీదుగా తీసుకెళ్లండి, కుర్రకుక్కలు మొదట కొరికేది వాటినే.